భయం సినిమా

“పిల్లల సినిమానే సార్. కానీ పోయిన ఆటలో ఇద్దరు పిల్లలు ఏడ్చుకుంటా బయటికి వచ్చేసినారు. బాగా యోచన చేసి లోపలికి పొండి,” అన్నాడు టికెట్లు చించే గుణశేఖరన్, తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి.

వసంతకుమార్ గోడమీది పోస్టరు వైపు చూశాడు. నల్లటి ముక్కు, మనిషి కళ్లు ఉన్న కాకుల రాణి. ఆమె రెక్కల కింద బిక్కచచ్చిపోయిన పిల్లలు. పదమూడేళ్ల లోపు వాళ్లయితే పక్కన పెద్దవాళ్లు ఉండాలని కింద రాసి ఉంది. కూతురు వినోదినికి పదకొండు.

“వద్దు కన్నూ. ఆ పక్క థియేటర్లో నవ్వుల సినిమా ఆడతా ఉంది. దానికి పోదాము.”

“నాకు ఇదే కావాల.”

“రాత్రి కలలోకి వస్తే?”

“రాదులే నాయనా.”

అతని భయం కల గురించి కాదు. నెలకు రెండు శనివారాలు, మధ్యాహ్నం నుంచి సాయంత్రం అయిదు దాకా కూతురిని చూడవచ్చని ధర్మపురి కోర్టు చెప్పింది. పోయిన నెల హొగేనక్కల్ జలపాతం దగ్గర తను నడిపే పుట్టి పడవలోనే ఎక్కించుకుని తిప్పితే, పిల్ల తడిసి జ్వరం తెచ్చుకుంది. “ఇంకొక తూరి పాపకు ఏమైనా అయితే జడ్జి ముందర చెప్పి ఈ రెండు నాళ్లు కూడా నిలిపిస్తాను,” అంది దాని తల్లి శివగామి. ఆమె అన్నదంటే చేస్తుంది.

కానీ శివగామి, తను విడిపోయిన ఈ రెండేళ్లలో వినోదిని అతన్ని ఒక్కటీ అడగలేదు. తిన్నావా అంటే తిన్నాను. బాగుండావా అంటే బాగుండాను. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి అందిస్తే, సంచీ సర్దుకుంటున్నట్టు తన చెయ్యి వెనక్కి తీసుకునేది. అలాంటి పిల్ల ఈ రోజు ఇది కావాలని అడిగింది.

“చించు అన్నా,” అని టికెట్లు అందించాడు.

హాలు సగం కూడా నిండలేదు. వినోదిని మధ్యలో ఒక సీటు వదిలి కూర్చుంది. అతను ఆ ఖాళీ సీటు మీద చెయ్యి ఆనించబోయి, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు.

కథ మొదలైంది. కాకుల రాణి పిల్లల నీడలు దోచుకుని తన పాతాళకోటలో దాచుకుంటుంది. నీడ పోయిన పిల్ల రోజు రోజుకూ కరిగిపోతుంది. తమ్ముడి నీడ కోసం ఒక అక్క చిన్న దీపం పట్టుకుని కోట మెట్లు దిగుతోంది. తెరమీద మెట్లూ చీకటీ తప్ప ఇంకేమీ లేవు. హాలంతా నిశ్శబ్దం.

ఉన్నట్టుండి వినోదిని ఒక్క గెంతులో పక్క సీటులోకి వచ్చి అతని చెయ్యి చుట్టేసుకుంది. మరుక్షణమే దీపం ఆరిపోయి, చీకట్లోంచి ఆ నల్లటి ముక్కు బయటికి వచ్చింది. హాల్లో పిల్లలంతా కెవ్వుమన్నారు. వినోదిని అతని భుజంలో మొహం దాచుకుంది.

“పోదాము రా కన్నూ. నీకు బయంగా ఉంది.”

“వద్దు! నువ్వు పట్టుకో, చాలు.”

పట్టుకున్నాడు. తెడ్డు పట్టి పట్టి కాయలు కాసిన తన చెయ్యి గరుకుగా తగులుతుందేమోనని మొదట వదులుగా, తర్వాత గట్టిగా. ఆమె జడలో కొబ్బరినూనె వాసన మారలేదు. చెయ్యి మాత్రం పెద్దదైంది. వేళ్లు పొడుగయ్యాయి. ఎప్పుడు పొడుగయ్యాయో అతనికి తెలియదు.

ఈ సినిమా ఇలాగే నడుస్తూ ఉంటే బాగుండునని అనుకున్నాడు. అనుకున్న వెంటనే సిగ్గేసింది. పిల్ల బెదిరిపోతుంటే తను సంతోషపడుతున్నాడు! ఇదేం తండ్రితనం? లేచి బయటికి తీసుకుపోవాలి. రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ ఆ పిల్ల చెయ్యి ఇంకా బిగించింది.

ఇంటర్వెల్లో ఒక చేత్తోనే మురుకులు తిన్నది. రెండో చెయ్యి అతని చేతిలోనే ఉంది. బళ్లో లెక్కల టీచరు ఎలా మాట్లాడుతుందో అభినయించి చూపించింది. పాపారపట్టిలో అమ్మ ఇంట్లో కొత్తగా పెంచుతున్న పిల్లి సంగతి చెప్పింది. “నువ్వు నేను లేనప్పుడు ఏం తింటావు నాయనా?” అని అడిగింది. అతను “చేపలు” అన్నాడు. దానికే ఇద్దరూ నవ్వారు.

ఆట ముగిసింది. లైట్లు వెలిగాయి. కాకుల రాణి చచ్చి, పిల్లల నీడలన్నీ ఇల్లు చేరినా, వినోదిని చెయ్యి మాత్రం వదలలేదు. బస్టాండు దాకా అలాగే నడిచింది.

పాపారపట్టి బస్సు పక్కన శివగామి నిలబడి ఉంది. వాళ్లను చూసి ఆమె కళ్లు ఆ రెండు చేతుల మీద ఆగాయి. వినోదిని చటుక్కున చెయ్యి లాగేసుకుంది.

పిల్ల చెప్పకముందే తనే చెప్పెయ్యాలని వసంతకుమార్ అనుకున్నాడు. ఈ శనివారాలు పోతే పోనీ, రాత్రి పిల్ల ఉలిక్కిపడి లేస్తే పక్కన ఉన్న మనిషికి కారణం తెలియాలి.

“శివగామీ, తప్పు నాది. ఆ కాకుల రాణి సినిమాకు పిలుచుకోని పోయినాను. పాప శానా బయపడింది. ఆట ముగిసేదాకా నా చెయ్యి వదల్లే. రాత్రికి కొంచెం పక్కనే పండబెట్టుకో. కోర్టులో ఏమి చెప్పాలన్నా నా మీదే చెప్పు, దాన్ని తిట్టొద్దు.”

శివగామి అతని వైపు చూసింది. తల వంచుకుని చెప్పుతో నేల గీస్తున్న కూతురి వైపు చూసింది. బస్సు స్టార్ట్ చేశారు. కూతురిని మెట్టు ఎక్కించి, వెనక్కి తిరిగి మెల్లగా అంది:

“బయపడిందా? పోయిన ఆదివారం సేలంలో నేనూ పాపా చూసింది ఈ సినిమానే. నేను జడుసుకోని కండ్లు మూసుకుంటే, నన్ను చూసి పగలబడి నవ్వింది!”