సంపూర్ణమ్మ పలావు

"ఆ బంతి పట్టుకుంటే మ్యాచ్ మనదే!" అంటూ లేచారు మల్లికార్జునరావు గారు.

బంతి నేరుగా మన ఫీల్డరు ఫిన్నీ చేతుల్లోకి వస్తోంది. వాడు గ్యాలరీలో సంపూర్ణమ్మ ఒళ్ళో ఉన్న పలావు గిన్నె వైపు ఓసారి చూసి, బంతిని పట్టుకోకుండా కింద పడనిచ్చాడు.

బెజవాడ బేస్‌బాల్ జట్టుకి ఉన్న అభిమానులు మల్లికార్జునరావు గారూ, సంపూర్ణమ్మా, ఇద్దరే.

"కొత్త జట్టు కదండీ, నిదానంగా కుదురుకుంటారు," అంది సంపూర్ణమ్మ. ఏ జట్టు ఓడినా 'పాపం, పిల్లలు' అంటూ వాళ్ళకి పలావు పెట్టేది ఆవిడే.

"అది సరేనమ్మా, అవతలివాడు పరిగెత్తడేం?"

నిజమే. బ్యాటరు తీరిగ్గా కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. వాడి చూపూ గిన్నె మీదే ఉంది.

సంపూర్ణమ్మకి అప్పుడు వెలిగింది. "ఒరేయ్, ఇవాళ గెలిచినవాళ్ళకే పలావు!" అని గట్టిగా అరిచింది.

బ్యాటరు లేసు వదిలేసి పరుగు లంకించుకున్నాడు. ఫిన్నీ బంతి అందుకుని విసిరాడు. అవుట్! ఈ సీజన్లో మొదటి గెలుపు. మనవాళ్ళు గంతులేస్తూ ప్లేట్లు పట్టుకొచ్చారు.

గరిటె తీసిన సంపూర్ణమ్మకి, తలలు వేలాడేసుకుని వెళ్ళిపోతున్న అవతలి జట్టు కనిపించింది.

"ఆగండి నాయనా, ముందు మీరు రండి," అని పిలిచింది. "పాపం, ఓడిపోయి ఉన్నారు."

మల్లికార్జునరావు గారు కూలబడ్డారు. "ఇంకేముందమ్మా, వచ్చే మ్యాచ్ పోయినట్టే!"