మైకు అక్కర్లేని గొంతు

“ఈ పూలు ఆ పక్క బల్ల మీద పెడదామండీ. పాడేవాళ్లకి అడ్డం కదా,” అంటూ లైబ్రేరియన్ పింగాణీ జాడీ మీద చెయ్యి వేయబోయాడు.

మెకానిక్ గబుక్కున అడ్డం వచ్చాడు. జాడీ అక్కడే ఉండాలన్నాడు. ఎందుకని అడిగితే, ఎదురుగా పూలు లేకపోతే మా ఆవిడకి పాట రాదని నోటికొచ్చింది చెప్పాడు. లైబ్రేరియన్ ఆయన్ని వింతగా చూసి, కళాకారుల సంగతి మనకెందుకులే అన్నట్టు కుర్చీలు సర్దడానికి వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఆ పూల మధ్యలో ఉంది. చిటికెన వేలంత మైకు, వైరు లేనిది, ఆకుపచ్చ దారంతో ఒక కాడకి కట్టి ఉంది. దాంట్లో పడిన పాట స్టాండు మీదున్న స్పీకరు డబ్బాలోంచి బయటికొస్తుంది. ఈ ఏర్పాటు గురించి ఆయన ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

రేడియోలూ టీవీలూ బాగుచేసే ఆయనకి సంగీతం టీచరు భార్యగా దొరకడం ఒక చిత్రం. ఆ టీచరు మైకు ముట్టుకోకపోవడం ఇంకో చిత్రం. మైకు పట్టుకుంటే పాడినట్టుండదు, ఫోన్లో మాట్లాడినట్టుంటుందని ఆవిడ వాదన. అలా అనడానికి తగ్గ గొంతే ఆవిడది. ఎంత పెద్ద గదిలోనైనా చివరి కుర్చీ దాకా ఖంగుమనేది. ఆ గొంతు తనదే అయినట్టు ఆయన ఊరంతా గొప్పలు చెప్పుకుని తిరిగేవాడు.

కిందటేడు ఆవిడ గొంతుకి ఆపరేషన్ అయింది. తీపి తగ్గలేదు కానీ సత్తువ పోయింది. ఆ తర్వాత పాడిన మొదటి సభలో వెనక కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోవడం ఆయన కళ్లారా చూశాడు. ఆవిడ కళ్లు మూసుకుని పాడుతుంది కాబట్టి చూడలేదులే అని గుండె చిక్కబట్టుకున్నాడు. మైకు పెట్టుకోమంటే ఆ రోజు నుంచే పాట మానేస్తుంది. పాట మానేసిన మనిషితో ఒకే ఇంట్లో ఉండటం తన వల్ల కాదనిపించింది. అప్పట్నుంచే ఈ పూలు. మాట్లాడేవాళ్లకి కావాలి కదా అని డబ్బా మోసుకెళ్లడానికి సాకు ఎలాగూ ఉంది.

ఇవాళ్టి చిక్కు వేరు. లైబ్రరీ హాలు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంది. డబ్బా చూస్తే చిన్నది. పైగా ఖాళీ హాల్లో సరిపోయిన సౌండు జనం నిండాక చాలదు, మనుషులు దాన్ని తాగేస్తారు. పోనీ పెంచుదామంటే, నోటికి జానెడు దూరంలో ఉండాల్సిన మైకు మూరెడు దూరంలో ఉంది. సౌండు మీట కాస్త తిప్పాడో లేదో డబ్బా కుయ్యిమని కూత పెట్టింది. సభ మధ్యలో ఆ కూత వినబడిందంటే ఆయన గుట్టూ ఆవిడ పాటా ఒకేసారి పోతాయి.

స్పీకరుని ఆవిడ నిలబడే చోటికంటే ముందుకి జరిపి, మూతి వెనక వరుసల వైపు తిప్పాడు. స్టాండుని తలల కంటే ఎత్తుకి లేపాడు. హోరు తగ్గాలని ఫ్యాన్లు ఆపించాడు. ఉక్కపోస్తుందని లైబ్రేరియన్ గొణిగితే, మా ఆవిడకి గాలి పడదని ఇంకో అబద్ధం ఆడాడు. అంత చేసినా చివరి రెండు వరుసలకి సౌండు అందలేదు.

ఇంతలో ఆవిడ రానే వచ్చింది.

“ఆ డబ్బా అంత ఎత్తున ఎందుకండీ?”

“లైబ్రేరియన్ ఉపన్యాసానికి. ఆయన గొంతు విన్నావుగా, పక్కనున్న మనిషికే వినబడదు.”

“పాపం,” అంది ఆవిడ జాలిగా. వేదిక మీదికెళ్లి జాడీ చూసి, “పూలు ఇంత దూరంగా పెట్టారేంటి” అంటూ స్టూలుతో సహా దగ్గరికి లాక్కుంది.

ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆడవాళ్లకి పూలంటే ఇష్టం ఉండటం ఎంత మంచిదో అనుకున్నాడు.

మొదటి పాట హాలంతా నిండింది. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న వెనక వరుస పెద్దాయన, పల్లవి పూర్తి కాకుండానే చెయ్యి దించేశాడు. మెకానిక్ ఛాతీ ఉప్పొంగింది. అయితే రెండో పాటలో సన్నగా ఒక గరగర మొదలైంది. ఆయనకి ముచ్చెమటలు పోశాయి. స్పీకరు దగ్గరికి పరిగెత్తబోయేంతలో, ఆవిడ పాటలో లీనమైపోయి పూల మీదికి వంగింది. గరగర పాట కింద అణిగిపోయింది. అదృష్టం బాగుందనుకున్నాడు.

చప్పట్లు ఆగాక పెద్దాయన మెకానిక్ వైపు తిరిగాడు. “మైకు లేకుండా ఇంత దూరం ఎలా వస్తుందండీ ఆ గొంతు?”

“అది మా ఆవిడ గొంతండీ,” అన్నాడాయన. ఆ గర్వంలో డబ్బా వాటా ఎంతో ఆ క్షణాన ఆయనకే తెలియలేదు. ఆపరేషన్ తర్వాత అంత సంతోషం ఆయన ఎరగడు.

ఇంటికి నడుస్తుంటే ఆయన డబ్బాని చక్రాల మీద లాగుతున్నాడు. ఆవిడ జాడీని పసిపిల్లలా ఎత్తుకుంది.

“వెనక దాకా వినబడిందా?”

“ప్రతి మాటా వినబడింది. ఒక్కళ్లూ లేవలేదు,” అనేసి నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడేమీ పట్టించుకోలేదు. తల ఎత్తుకుని, పూర్వం పెద్ద సభల నుంచి వచ్చేటప్పుడు నడిచినట్టే నడుస్తోంది. ఆ నడక చూస్తూ, బతికినంత కాలం ఈ రహస్యం కడుపులోనే దాచుకోవాలని ఆయన గట్టిగా అనుకున్నాడు.

ఇంటి గుమ్మంలో ఆవిడ జాడీని ఆయన చేతికిచ్చింది.

“వచ్చే సభకి ఇందులో బ్యాటరీ మార్చండి, రెండో పాటలో గరగరలాడింది.”