కట్టేసిన వేలు

వరద వచ్చిన రెండో ఏడు మొదలైంది ఇది. ఆ వరద లిక్ వాగు మీది వంతెనను, మా పొరుగు కోయ్ వాళ్ల పదకొండు పందులను, నా కుడిచేతి నడిమి వేలిని పట్టుకుపోయింది. వంతెన మళ్లీ కట్టారు. పందులు కూడా మళ్లీ పెరిగాయి.

వెర్లిన్ మా లోయకు కొత్త. టెన్నెసీ వైపు నుంచి కొండ దాటి, బొగ్గుగనిలో పనికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఒకరోజు మా వంటింటి కిటికీ పక్కగా పోతూ, లోపల మోగుతున్న టేపు విని ఆగిపోయాడు. నేను బాంజో తీగలు మీటుతుండగా మా ఆవిడ ఓమా తీసిన టేపు అది. రొట్టె చేసుకుంటూ పెట్టుకునేది.

పాట అయ్యేదాకా టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్టుందన్నాడు. అలా వాయించడం వస్తే ఈ గనిలోంచి బయటపడతానన్నాడు.

"నేర్పు హోబ్ బాబాయ్. ఎలా వాయిస్తావు దీన్ని?"

"చెయ్యి చూడు" అన్నాను.

చూశాడు. బొటనవేలు, చూపుడువేలు, మీటడానికి వాటికి తొడిగిన ఇనప గోళ్లు, పక్కన మొండి. వేలు ఎలా పోయిందని అడగలేదు. గనుల్లో, రంపపు మిల్లుల్లో బతికేవాళ్లం. మా దగ్గర ఆ మాట ఎవరూ అడగరు.

మర్నాడు తన నడిమి వేలిని బూటు తాడుతో అరచేతికి కట్టేసుకుని వచ్చాడు.

"ఊరికే ఉండదు బాబాయ్ ఇది, మధ్యలో దూరుతుంది. కట్టేస్తే మంచిదేనా?"

"నీ ఇష్టం."

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను.

మా దగ్గర నేర్చుకోవడమంటే చెవితోనే. కాగితం ఉండదు. మా తాత మంచి వరస వాయించేటప్పుడు గోడ వైపు తిరిగేవాడు, ఎవడూ ఎత్తుకుపోకుండా. అందుకే నేను వాయించి చూపకపోయినా, కుదిరేదాకా ఎవరి ముందూ వాయించవద్దని చెప్పినా, వెర్లిన్‌కి వింతగా అనిపించలేదు. మా పాటల జట్టుతో వాయించేటప్పుడు ఫిడేలు వెనకాలే ఎందుకు ఉండిపోతావని ఒకసారి అడిగాడు. నేను టేపు మళ్లీ మొదటికి తిప్పాను. ముసలితనం అనుకున్నాడు.

పని దిగి, మెడ మీద బొగ్గు అలాగే ఉండగా వచ్చేవాడు. టేపు నేనే పెట్టి, నేనే తీసేవాణ్ణి. ఒక ముక్క వినిపించి ఆపితే, దాని కోసం రెండు వేళ్లతో పెనుగులాడేవాడు. నాలుగు నెలలకు ఒక వరస సగం దొరికింది. ఆ రోజు బాంజో ఎత్తుకుని వంటింట్లో గుండ్రంగా తిరిగాడు. కుర్చీని తన్నుకుని పడబోయి, నవ్వి, మళ్లీ వాయించాడు. ఆ సగమే ఇరవైసార్లు వాయించాడు.

చెవి ఉంది అతనికి. ఆ వయసులో నాకున్న దానికంటే మంచి చెవి. అది మొదటి వారమే తెలిసింది నాకు.

అతను వచ్చే వేళకు ఓమా కాఫీ గిన్నెను బల్ల మీద కొట్టినట్టు దించి, కోళ్ల దగ్గరికి వెళ్లిపోయేది.

రెండో చలికాలం అతని భార్య లొరీన్ వచ్చింది. వెర్లిన్ నిద్రలో కూడా తాడు విప్పడం లేదట. వేలు అలవాటు మరిచిపోవాలని. ఇప్పుడు విప్పినా వేలు చాపుకోవడం లేదట. పార పట్టు చిక్కడం లేదని గనిలో మేస్త్రీ తిడుతున్నాడట.

"ఆ వేలు లేకుండానే వాయించాలా? ఇంకో దారి లేదా బాబాయ్?"

"నాకైతే లేదమ్మా" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

వరద వచ్చిన నాలుగో ఏడు పట్నం రేడియోవాళ్లు మా జట్టును శనివారాలు వాయించమని పిలిచారు. జీతం ఇస్తామన్నారు. ఫిడేలు వాయించే ఎస్టిల్ మా జట్టుకు పెద్ద. బాంజో కుర్చీ ఇరవై ఏళ్లుగా నాది. వేరే ఎవడైనా ఉంటే వింటానన్నాడు, నా మొహం చూడకుండా. నేనే వెర్లిన్‌ని తీసుకెళ్లాను.

ఎస్టిల్ వాళ్ల కొట్టంలో, గడ్డిమోపు మీద కూర్చుని వాయించాడు వెర్లిన్. తప్పు పోలేదు. ఎస్టిల్ ఫిడేలు కమానును మోకాలి మీద పెట్టుకుని విన్నాడు.

"ఒక హోబ్‌ని మోస్తున్నాం. ఇంకో హోబ్ ఎందుకురా మాకు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఆ తాడు విప్పి వాయించు" అన్నాడు ఎస్టిల్.

విప్పాడు. వేలు కోడికాలిలా వంగే ఉంది. ఎడమచేత్తో లాగి చూశాడు. వదిలితే మళ్లీ అరచేతిలోకే వచ్చింది.

"ఇది ఇక ఇంతేనండీ" అన్నాడు మెల్లగా.

ఎస్టిల్ లేచాడు. "శనివారం ఏడింటికి బయల్దేరాలి హోబ్" అన్నాడు.

ఆ సాయంత్రం వెర్లిన్ మా ఇంటికి వచ్చాడు. నా మీద కోపం లేదు. ఓమా పెట్టిన చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె తిన్నాడు.

"తప్పు నాదే బాబాయ్. నా వేళ్లలో ఆ చురుకు లేదు. ఆ టేపు కొన్నాళ్లు ఇంటికి ఇస్తావా? దాని అట్టపెట్టె కూడా ఇవ్వు, దుమ్ము పడకుండా చూసుకుంటాను. ఎప్పటికైనా పట్టుకుంటాను దాన్ని."

"రేపు రా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే, అతను రాకముందు, టేపును పెట్టెతో సహా పొయ్యిలో వేశాను. ఆ పెట్టె మీద ఓమా పెన్సిలుతో రాసి ఉంచిన సంవత్సరం వరదకు ముందటిది.