‘నాదే’ అన్నవాడు

గాడిద ఓండ్రపెట్టింది.

వంటింటి బల్ల మీదున్న కంప్యూటర్‌లోంచి వచ్చిన ఆ కూతకు లెక్కల టీచరు చేతిలో టీ ఒలికింది.

"మళ్లీ మీ గాడిదేనా?" పక్కగదిలోంచి భర్త గొణిగాడు. "ఆదివారం కూడా సెలవు లేదా దానికి?"

"ఎవరో తప్పు చేశారండీ! ఉండండి!"

అదొక ఉచిత సాఫ్ట్‌వేర్. రక్తం కావలసినవాళ్లకు ఇచ్చేవాళ్లను వెతికిపెడుతుంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, జీతం మాత్రం ఎవరికీ లేదు. అచ్చంగా గాడిద చాకిరీ.

అందుకేనేమో, తప్పు దొర్లగానే అందరి కంప్యూటర్లలోనూ గాడిద అరిచేలా పెట్టుకున్నారు. చేసినవాళ్లు గ్రూపులో ‘నాదే’ అని రాయాలి. అప్పుడే అది నోరు మూస్తుంది. ఆ తప్పు వాళ్లే దిద్దాలి. ఇంకొకరు తప్పు చేసేదాకా గాడిద బొమ్మ వాళ్ల పేరు పక్కనే ఉంటుంది. ఒకసారి ‘నాదే’ అన్నాక మాత్రం ఇంకెవరూ దాన్ని తవ్వకూడదు. అదీ కట్టుబాటు.

టీచరు కళ్లజోడు వెతుక్కునేలోపే గాడిద ఆగిపోయింది.

తెర మీద ‘నాదే’ అని ఉంది.

మౌని!

అతన్ని ఎవరూ చూసింది లేదు. ముఖం చూపించడు, మాట్లాడడు, టైపు చేస్తాడంతే. అందుకే ఆ పేరు పెట్టారు. గాడిద బొమ్మ అతని పేరు పక్కన ఏకంగా కాపురమే పెట్టింది.

వెంటనే ఫోను మోగింది. గుంపుకు పెద్ద, మందుల షాపాయన.

"చూశావామ్మా? మళ్లీ అతగాడే! వచ్చేవారం ఆసుపత్రులు మన సాఫ్ట్‌వేర్ వాడబోతున్నాయి. ఇతన్ని ఉంచుకుంటే కొంప మునుగుతుంది!"

"దిద్దడం మాత్రం చిటికెలో దిద్దుతాడండీ."

"ఇల్లు తగలబెట్టినవాడే నీళ్లు పోస్తే మెచ్చుకుంటామా?"

మౌనిని తీసేయాలా అని వీడియో కాల్‌లో ఓటు పెట్టారు. అందరితోపాటు టీచరూ చెయ్యెత్తింది.

మౌని ఒకే ఒక్క ముక్క రాసి వెళ్లిపోయాడు. "సరే. కొత్తవాళ్లను కోప్పడకండి."

"పోతూ పోతూ నీతులొకటి!" అన్నాడు షాపాయన.

ఆసుపత్రులు వాడకం మొదలుపెట్టే రోజు రానే వచ్చింది. మందుల షాపు వెనకగదిలో, అట్టపెట్టెల మధ్య అందరూ చేరారు. ఇన్నాళ్లూ తెర మీదే చూసుకున్న ముఖాలు! బస్సు డ్రైవరు గది అదిరేలా నవ్వుతున్నాడు. కొత్తగా చేరిన నర్సు గోళ్లు కొరుక్కుంటోంది. ఆఖరి మీట నొక్కే గౌరవం తనకే దక్కినందుకు టీచరు కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"నొక్కమ్మా! ఆసుపత్రులవాళ్లు కాచుక్కూచున్నారు!"

నొక్కింది. చప్పట్లు!

ఆ చప్పట్లను మింగేస్తూ అన్ని కంప్యూటర్లూ ఒక్కసారిగా ఓండ్రపెట్టాయి.

"నిన్న రక్తమిచ్చినవాళ్లనే మళ్లీ ఇవ్వమంటోంది!" డ్రైవరు కేకేశాడు.

అందరూ తెర వైపే చూశారు. ‘నాదే’ మాత్రం రాలేదు.

"ఎవరయ్యా? ఒప్పుకోండి! ఒప్పుకుంటేగానీ దిద్దడం మొదలవదు!" షాపాయన చిందులేస్తున్నాడు.

నర్సు ముఖం పాలిపోయింది. ఆ భయం టీచరుకు బాగా తెలుసు. తను చేరిన కొత్తలో గాడిద అరిచినప్పుడు ఇలాగే వణికింది. ఈలోపే మౌని ‘నాదే’ అని రాసేశాడు. తన తప్పు అతని నెత్తిన పడిందని తెలిసీ, అమ్మయ్య అనుకుని ఊరుకుంది.

"ఒక మాట చెప్పాలి," అంది టీచరు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. "మౌని ఒప్పుకున్నవాటిలో ఒకటి నాది."

డ్రైవరు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "ఇంకోటి నాది టీచరుగారూ. ఆయనే ముందు ఒప్పేసుకుంటే, నేను కిక్కురుమనలేదు."

అందరి చూపూ షాపాయన మీదికి తిరిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఆదివారంది... నాదే."

గాడిద అరుస్తూనే ఉంది.

"ఇది నాది!" నర్సు గట్టిగా అనేసి, ‘నాదే’ అని టైపు చేసింది. గాడిద గప్‌చుప్! "తేదీలు పోల్చేచోట తిరగేసి రాశాను. తిట్టినా సరే, దిద్దుతాను!"

"తిట్టేదెవరమ్మా? కూర్చో! నీ పక్కనే ఉంటా!" టీచరు కుర్చీ లాగింది.

నర్సు వేళ్లు పరుగెత్తాయి. ఆమె మీట నొక్కింది. గాడిద అరవలేదు!

కాసేపటికి తెర మీద మొదటి ఆసుపత్రి పేరు వెలిగింది.

"దొరికింది! ఎవరికో రక్తం దొరికింది!" గదంతా గెంతులేసింది. షాపాయన, డ్రైవరు ఒకళ్లనొకళ్లు వాటేసుకున్నారు.

ఆ ఊపులోనే మౌనిని వెనక్కి పిలవబోయారు. అతను ఖాతా మూసేసుకున్నాడు. అసలు పేరేమిటో, ఏ ఊరో ఎవరికీ తెలియదు.

టీచరు మనసు ఊరుకోలేదు. "అన్నీ మనవే అయ్యుండవులెండి. ఒకటీ అరా అతనివీ ఉంటాయి," అంటూ, కట్టుబాటు పక్కనపెట్టి, మౌని పేరు మీద ఉన్నదంతా మొదటినుంచీ తీసి చూసింది.

అందులో అతను సొంతంగా రాసిన లైను ఒక్కటి కూడా లేదు, ఉన్నవన్నీ ఎవరో ఒకరి తప్పు దిద్దడానికి రాసినవే.