నాలుగు రేకుల తూటా

"కాస్త ఎడమకి," అంది నెల్డా.

ఆర్లో తుపాకీని కాస్త ఎడమకి జరిపాడు.

"అంత కాదు. వెనక్కి. ఆ, అక్కడే. ఊపిరి పీల్చుకో."

ఆర్లో ఊపిరి పీల్చుకున్నాడు.

పక్క బండ వెనక ఉన్న ట్రెంట్‌కు నవ్వాగలేదు. వేటకని బోయిసీ పట్నం నుంచి వచ్చిన కుర్రాడు. తెల్లవారి ఈ గుట్ట ఎక్కేసరికి ముసలి దంపతులు అప్పటికే బోర్లా పడుకుని ఉన్నారు. పలకరిస్తే ఆవిడ చెయ్యి ఊపింది. ఆయన తల కూడా తిప్పలేదు. "కొత్త బూట్లా అబ్బాయ్? కిర్రుమంటున్నాయి," అన్నాడంతే.

కింద వాగు పక్కన ఎల్క్ దుప్పి మేస్తోంది. ఇంకా పక్కకు తిరగలేదు.

"ఊపిరి కూడా ఆవిడ చెప్తేనే పీలుస్తారా పెద్దాయనా?" గుసగుసగా అడిగాడు ట్రెంట్.

"పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఒక్కసారే మాట వినలేదు. దుప్పికి బదులు కంచె గుంజ చచ్చింది."

నెల్డా తుపాకీ దుర్భిణికి ఫోను బిగించి, రెప్ప వెయ్యకుండా దాన్నే చూస్తోంది. ముసలావిడకు వీడియోల పిచ్చి కాబోలు అనుకున్నాడు ట్రెంట్. పక్కనున్న డబ్బా చూసి పెదవి విరిచాడు. అన్నీ రాగి తూటాలు.

"సీసం తూటాలు చవగ్గా వస్తాయి కదా?"

"సీసం లోపలికెళ్లి తునకలైపోతుంది. చేతికేమీ మిగలదు. రాగి అలా కాదు, పువ్వులా విచ్చుకుని ఒక్కటిగా ఉంటుంది. కాకపోతే చాలాసార్లు అవతలికి దూసుకుపోయి మట్టిపాలవుతుంది. ఈసారి దొరికితే బాగుండు. ఈ మోకాళ్లకు ఇదే ఆఖరి గుట్ట."

"తూటా కోసం వేటేంటండీ!"

"మాంసం ఆవిడకి. తూటా నాకు."

"ఇద్దరూ నోళ్లు ముయ్యండి," అంది నెల్డా. "తిరిగింది. ఆర్లో, వెంట్రుకవాసి పైకి. ఆగు... నొక్కు."

తుపాకీ పేలింది. దుప్పి నాలుగడుగులు వేసి, మోకాళ్లు మడిచి పడిపోయింది.

"బాధపడలేదు," అంది నెల్డా.

ఆర్లో ఊపిరి వదిలాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే.

ఆవిడ భుజం పట్టుకుని నెమ్మదిగా గుట్ట దిగాడు. మోకాళ్లు మరి. జాలేసి ట్రెంట్ కూడా వెంట వెళ్లాడు, తోలు ఒలవడానికి సాయం పట్టాడు.

"కొమ్ముల పక్కన కూర్చోండి, ఫొటో తీస్తా."

"ఫొటో నేనేం చేసుకోను బాబూ?"

ఆర్లో అవతలి పక్క తోలు కింద చెయ్యి దూర్చి వెతుకుతున్నాడు. చాలాసేపు వెతికాడు. నెల్డా కత్తి పక్కన పెట్టి అతని మొహం వైపే చూస్తోంది.

వేళ్లు ఆగాయి.

బయటికి తీసి, వాగులో కడిగి, ఒక్కో రేకునూ బొటనవేలితో తడిమాడు. "నాలుగున్నాయి. ఒకటి వంగింది, పక్కటెముక తగిలుంటుంది. ఎంత బాగుందో చూడు నెల్డా."

"చూశాలే. జేబులో పెట్టుకో, పారేసుకుంటావు."

ట్రెంట్ ఒక మాంసం సంచి భుజానికెత్తుకున్నాడు. రెండోదాన్ని తానే భుజానికెత్తుకోవాలి కనుక, నెల్డా తన భుజం మీది ఆర్లో చేతిని తీసి, చూపులేనివాళ్లు పట్టుకునే తెల్ల కర్రను మడత విప్పి అందులో పెట్టింది.