చుట్టుదారి బస్సు

దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, ఇది గట్టిగా అరిచి చెప్పే ముచ్చట కాదు.

ఒక బడిలో కౌన్సెలర్ టీచరుండేది. పిల్లల మనసులో ఏముందో కనిపెట్టడం ఆవిడ ఉద్యోగం. చాలదన్నట్టు బస్సుల మీద వచ్చే ఫిర్యాదులు కూడా ఆవిడ నెత్తినే పెట్టారు.

ఒకనాడు మూడో నంబరు బస్సు డ్రైవర్‌ని పిలిపించింది. మీసాలు నెరిసిన మనిషి.

"ఏమయ్యా, రూటు కాగితం ప్రకారం సాయంత్రం ఊరి చివరి స్టాపు ఆఖరిది కదా! నువ్వేమో ముందు అక్కడికే పోయి వెనక్కొస్తున్నావట. మిగతా పిల్లలంతా ఇరవై నిమిషాలు ఆలస్యం. తొమ్మిదో తరగతి పిల్ల తల్లి ఫోన్లో నన్ను ఉతికి ఆరేసింది."

"ఆ స్టాపులో ఒక్క పాపే దిగుతుందమ్మా. ఆరో తరగతి."

"అయితే? నీకు చుట్టమా?"

"కాదమ్మా."

"మరెందుకంత ముద్దు?"



"ఒక్కసారి మీరే బస్సెక్కి రండమ్మా. ఆ కాగితం దారినే పోనిస్తాను. ఆఖరిదాకా కూర్చోండి."

టీచరుకు నవ్వొచ్చింది.

"ఇదొక్కటే తక్కువ నాకు! తోటి పిల్లల్ని ఏడిపించకూడదని రేపు అసెంబ్లీలో మాట్లాడాలి. పోస్టర్లు అంటించాలి. ఇవన్నీ మానుకుని నీ బస్సులో షికారుకు రావాలా?"

"అయితే నేను ఈ దారినే పోతానమ్మా."

"కారణం చెప్పు, పైవాళ్ళతో నేను మాట్లాడతాను."

"నేను చెప్పకూడదమ్మా."

"ఉద్యోగం పోతుందయ్యా!"

"తెలుసమ్మా."

మొండిఘటం అనుకుంది టీచర్. 'దారి మార్చాడు, కారణం చెప్పడు' అని రాసి సంతకం పెట్టేసింది.

వారం తిరక్కుండా అతన్ని తీసేశారు. స్టాఫ్‌రూంలో 'చుట్టుదారి మహారాజు' అని నాలుగు రోజులు నవ్వుకున్నారు. టీచరూ నవ్వింది.

కొత్త డ్రైవర్ కాగితంలో ఉన్నట్టే నడిపాడు. ఫిర్యాదులు ఆగిపోయాయి.

పదోనాటి నుంచి ఆరో తరగతి పాప బడికి రావడం మానేసింది. ఆ తర్వాత వారానికి టీసీ కోసం తల్లి వచ్చింది. పక్కన పాప, తలకు గుడ్డ.

"తీసి చూపించవే," అంది తల్లి.

ఒక జడ ఉంది. రెండోది మొదలంటా కత్తిరించేసి ఉంది.

"ఎవరు చేశారమ్మా?" అని పాపనడిగింది టీచర్.

"తొమ్మిదో తరగతి అక్కలిద్దరు. అందరూ దిగిపోయాక బస్సులో మేం ముగ్గురమే మిగులుతాం."

"విచారణ పెట్టిస్తానండీ," అంది టీచర్, తల్లి వైపు తిరిగి.

"నేను ఫిర్యాదుకు రాలేదమ్మా. కాగితం ఇచ్చేయండి, చాలు."

టీచర్ పాప చెయ్యి పట్టుకుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు బంగారం?"

"మీరు వాళ్ళని పిలిచి తిడతారు. వాళ్ళు నన్ను బస్సులో ఇంకా ఏడిపిస్తారు."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"డ్రైవర్ తాతకి చెప్పాను."

"ఆయన్ని నేను అడిగి అడిగి అలిసిపోయానే! ఒక్క ముక్క చెప్పలేదే!"

పాప తలకు మళ్ళీ గుడ్డ చుట్టుకుంది.

"ఎవ్వరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను టీచర్."

ఇది మరిచిపోకు తల్లీ. బడిలో పనిచేసేవాళ్ళు ఎవరు కలిసినా, కూర్చోబెట్టి ఒకసారి వినిపించు.