చేతి బిగువు

"నా మగ్గం ముట్టుకున్నదెవరు?"

అత్తయ్య కేక వంటింటి దాకా వినపడింది. కోడలు తడి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తింది. బల్ల మీద మూరెడు కర్రమగ్గం. దాని మేకుల చుట్టూ బిగించిన ఎరుపూ పసుపూ దారాలు. బట్టల అంచులకు కుట్టుకునే పట్టీ అది. మొదట్నుంచీ ఒకటే వెడల్పు. చివరి జానెడు మాత్రం పస్తులున్నట్టు సన్నబడింది.

"నేను కాదత్తయ్యా!"

"నువ్వని అన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి?"

"ఇంట్లో ఇంకెవరున్నారు, మీ అబ్బాయి తప్ప?"

"నాకు బూట్ల లేసే సరిగ్గా కట్టుకోవడం రాదు," పక్క గదిలోంచి కొడుకు ముందే చేతులెత్తేశాడు. "అమ్మా, రేపు ఆపరేషన్ పెట్టుకుని ఈ అరుపులేంటి?"

"చీమ కుట్టినట్టుంటుందట. దానికి నోరు మూసుకోవాలా?" అత్తయ్య కోడలి వైపు తిరిగింది. "పొద్దున నేను రక్తపరీక్షకి వెళ్లిన సందులో రాత్రి నేను నేసింది విప్పేసి నువ్వు నేశావు. ఇది భయపడ్డ చెయ్యి. భయమేస్తే చెయ్యి అడ్డదారాన్ని బిగలాగుతుంది, పట్టీ సన్నబడుతుంది. రేపట్నుంచి మగ్గం నీదేనన్నానుగా? ఒక్క రోజు ఆగలేకపోయావా? ఇక ఇది అటకెక్కుతుంది."

కోడలు మగ్గానికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆ మగ్గం ముందు కూర్చోవాలని ఎన్నాళ్లుగా ఈ ఇంట్లో దారపు ఉండలు చుట్టిందో!

"ఇప్పుడే, మీ ముందే నేస్తాను. సన్నబడితే అటకెక్కించండి."

"స్కేలు తెచ్చుకుని కూర్చో."

కూర్చుంది. భయపడకూడదు అనుకుంది. అనుకుంటే ఆగే భయం ఎక్కడైనా ఉందా? వేళ్లకు చెమట పట్టింది. దారం లాగబోయిన ప్రతిసారీ ఊపిరి వదిలి, చెయ్యి సడలించింది. అడ్డదారం చుట్టిన నాడె అటూ ఇటూ తిరిగింది. పక్కనే అత్తయ్య, రెప్ప వేయకుండా.

కొలిస్తే, సన్నబడలేదు సరికదా, రెండు గీతలు వెడల్పొచ్చింది.

"నాటకం! కావాలని వదిలేశావ్. లే అవతలికి. చెయ్యంటే ఎలా ఉండాలో నేను చూపిస్తా."

అత్తయ్య కూర్చుంది. ముప్ఫై ఏళ్ల చెయ్యి. పట్టీ వైపు చూడనైనా చూడకుండా టకటకా నేసి, గర్వంగా వెనక్కి వాలింది.

"ఊఁ, కొలువు."

కోడలు స్కేలు పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

"ఎంతొచ్చిందే? నోట్లో బెల్లం ముక్కుందా?"

కోడలు స్కేలు పక్కన పడేసి అత్తయ్య చెయ్యి పట్టుకుంది. మంచుముక్కలా ఉంది.

"అచ్చం ఆ సన్నటి ముక్కంతే ఉందత్తయ్యా... రేపు ఆపరేషన్ గది తలుపు దాకా నేనూ వస్తాను."